మాతులాని వెన్న

ఐర్లండు వెళ్ళివచ్చినవారు పచ్చిక బయళ్ళను గురించి, వానను గురించి రాస్తారు. ఆ రెండూ అక్కడ ఉన్నవి, రాసినవారు అబద్ధమాడలేదు. నాకు మాత్రం వెన్నను గురించి రాయవలసివచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా కళాశాలలో తెలుగు, సంస్కృతం చెప్పి, కాఫీ తప్ప మరే వ్యసనమూ ఎరుగని నేను, ఆ దేశంలో ఒక వృద్ధురాలి వంటింట్లో నా రెండు చేతులతో గంజాయి వెన్న పిండాను. అది గంజాయి అని తెలియక పిండాను. అంతటితో ఆగితే ఈ కథనమే అక్కరలేదు. దానిని పదిలంగా మోసుకుపోయి, ఆరునెలల పసివాడి తొలిముద్దలో కలపబోయాను. ఇంత జరిగిన తరువాత కూడా నా మేనకోడలు నాతో మాట్లాడుతున్నది కనుక ధైర్యంగా రాస్తున్నాను.

సిటీవెస్ట్: అద్దాల అవతల మనవడు

మా మేనకోడలు వైదేహి పురిటికి ముందు నన్ను రమ్మన్నది. వెళ్ళాను. పిల్లవాడు పుట్టాడు, వాడి వెనుకనే కరోనా పుట్టింది. వైదేహి భర్త శ్రీకాంత్ వాళ్ళుండే లీక్స్‌లిప్‌లోనే కంప్యూటరు చిప్పులు చేసే కర్మాగారంలో ఇంజనీరు. లోకమంతా తలుపులు వేసుకున్నా ఆ కర్మాగారం వేసుకోలేదు. రోజూ నలుగురిలోకి వెళ్ళివచ్చే మనిషి ఉన్న ఇంట్లో డెబ్బై దాటినవాణ్ణి ఉంచడం క్షేమం కాదని, నన్ను రాజధాని శివారున సిటీవెస్ట్‌లో ఒక ఖాళీ అపార్టుమెంటుకు మార్చారు. అది వైదేహి స్నేహితురాలిది. ఆమె ఇండియా వెళ్ళి అక్కడే చిక్కుబడిపోయింది. ఆమె నా ఊళ్ళో, నేను ఆమె ఇంట్లో. విధికి ఇచ్చిపుచ్చుకోవడాలలో మంచి నేర్పున్నది.

నెలల తరబడి ఆ మూడో అంతస్తులో నేను, కిటికీ, కిందుగా పోయే లువాస్ అనే ట్రాము. ఆ ట్రాము గంట మోగించినప్పుడల్లా హారతి వేళ అయినదనుకుని లేచేవాణ్ణి. వారానికొకసారి వైదేహి కారులో వచ్చి, కింద నిలబడి, పిల్లవాణ్ణి పైకెత్తి చూపేది. రివాన్ అని వాడి పేరు. ఏ నిఘంటువులోనూ లేదు, వెతికాను. పై నుంచి చూస్తే వాడు ఉన్ని టోపీ పెట్టిన దొండకాయవలె కనిపించేవాడు. వాణ్ణి ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

ఆరో నెల వచ్చింది. అన్నప్రాశన చేయాలి. మన ఆచారంలో తొలిముద్ద పెట్టే హక్కు మేనమామది. వైదేహికి అన్నదమ్ములు లేరు కనుక ఆమె మేనమామనైన నాకు ఆ హక్కు సంక్రమించింది. నన్ను ఇంట్లోకి రానివ్వడం కోసమే శ్రీకాంత్ రెండు వారాలు సెలవు పెట్టి గడప దాటకుండా కూర్చున్నాడు. ముహూర్తం నేనే పెట్టాను. చిక్కు నేతి దగ్గర వచ్చింది.

"మామయ్యా, ఐరిష్ బటర్ ప్రపంచంలోనే బెస్ట్ అంటారు. షాపులో అన్‌సాల్టెడ్ తెచ్చి నేను కాచేస్తాను," అన్నది వైదేహి ఫోనులో.

"యంత్రం చిలికిన వెన్న పెళ్ళికైనా పనికివస్తుందేమో గాని అన్నప్రాశనకు పనికిరాదు," అన్నాను.

"ఏ శాస్త్రంలో ఉంది?"

శాస్త్రంలో లేదు. నా నాలుకలో ఉన్నది. మా ఆవిడ బతికున్న రోజుల్లో అనేది: "మీరు నడిచేటప్పుడు మీ నాలుక మీకంటే రెండడుగులు ముందుంటుంది." ఆ మాట వైదేహికీ తెలుసు. అందుకే నిట్టూర్చి, "నవీన్‌ని అడుగుతానుండండి," అన్నది.

నవీన్ శ్రీకాంత్ స్నేహితుడి తమ్ముడు, కరీంనగరు పిల్లవాడు. డండాక్‌లో ఎం.ఎస్సీ. చదువుతూ నోరా అనే పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడు. ఆమె తమ్ముడికి ఆవులున్నవి. మీగడ వస్తే ఆమె ఇప్పటికీ చేత్తోనే చిలుకుతుంది. ఆ మాట వినగానే చేతిసంచి సర్దుకున్నాను.

బస్సులో కృతజ్ఞత

ఆ రోజుల్లో బస్సులో ఒక సీటు విడిచి ఒక సీటులో కూర్చోవాలి. ఖాళీ సీటు మీద కాగితం అంటించి ఉండేది. మన బస్సుల్లో చేతిరుమాలు వేసి సీటు పట్టినట్టు, అక్కడ ప్రభుత్వమే కాగితం వేసి సీటు పట్టింది; కూర్చోవడానికి మాత్రం ఎప్పటికీ రాలేదు.

ఆ దేశంలో నన్ను ముగ్ధుణ్ణి చేసిన ఆచారం ఒకటి చెప్పాలి. దిగేటప్పుడు ప్రతి ప్రయాణికుడూ డ్రైవరుకు థాంక్యూ చెప్పి దిగుతాడు. ముసలి, పడుచు, తాగినవాడు, తాగనివాడు అందరూ. నేనూ దిగుతూ, నా వయసుకూ చదువుకూ తగినట్టు, "మీరు మమ్మల్ని సురక్షితంగా గమ్యం చేర్చినందుకు నా హృదయపూర్వక ధన్యవాదములు" అన్న భావం వచ్చే ఇంగ్లీషు వాక్యమొకటి చెప్పాను. డ్రైవరు కంగారుపడి, "యూ ఆల్ రైట్ దేర్?" అన్నాడు. వెనక ఆగిన ఒకావిడ "హి ఈజ్ గ్రాండ్," అని నా తరఫున హామీ ఇచ్చింది. గ్రాండ్ అంటే మనం వైభవం అనుకుంటాము. అక్కడ దాని అర్థం "ఏదో ఫరవాలేదు" అని. ఇంత దిగజారిన విశేషణాన్ని నేను మరే భాషలోనూ చూడలేదు.

డండాక్: నోరా వంటిల్లు

డండాక్ సరిహద్దు ఊరు. కొంత దూరం పోతే మరో దేశం. సరిహద్దు ఊళ్ళవారికి ఉండే చిన్న కొంటెతనం అక్కడి ముఖాల్లో ఉన్నది.

నవీన్ బస్టాండుకు వచ్చాడు. సన్నగా, భయభక్తులతో ఉన్న పిల్లవాడు. "సార్, నమస్తే సార్. ఆంటీ మంచిదే గని, ఫ్రిజ్‌ల కింది షెల్ఫు మాత్రం ముట్టొద్దంటది. నేనైతే ముట్టలే. గండ్ల పంది కొవ్వు ఉంటదేమో అని నాకు డౌటు," అన్నాడు. ఈ మాటను నేను అప్పుడే కొంచెం ఆలోచించి ఉండవలసింది.

నోరా పొట్టిగా, గుండ్రంగా, తెల్లటి జుట్టుతో ఉన్నది. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ములవలె ఉబ్బి ఉన్నవి. వయసు అడిగితే నవ్వి, "మెత్యుసెలా కంటే చిన్నదాన్నే," అన్నది; బైబిలులో తొమ్మిదివందల ఏళ్ళకు పైగా బతికిన ముసలాయన ఆయన. కిటికీలన్నీ తెరిచిపెట్టి, వంటింటి బల్లకు ఆ చివర ఆమె, ఈ చివర నేను కూర్చున్నాము. నవీన్ మేడ మీద కంప్యూటరు క్లాసుకు వెళ్ళిపోయాడు.

టీ పోస్తూ ఆమె, "కప్పులు ప్రెస్‌లో ఉన్నాయి, తీసుకో," అన్నది.

ప్రెస్ అంటే నాకు తెలిసినది ముద్రణాలయం. ఈ ఊళ్ళో అచ్చాఫీసులో కప్పులెందుకు పెడతారా అని నేను వీధివైపు చూస్తున్నాను. ఆమె లేచివచ్చి గోడ అలమర తెరిచింది. అక్కడ అలమరను ప్రెస్ అంటారు. ఆ లెక్కన నా పద్యసంపుటి కూడా నలభై ఏళ్ళుగా ప్రెస్‌లోనే ఉన్నది.

బల్ల మీద బంగారు రంగు వెన్నముద్ద ఉన్నది. రివాన్ కోసం ఆ ఉదయమే చిలికినది. దాని వాసనకు నా కళ్ళు చెమర్చాయి. కాని పొయ్యి మీద మరో గిన్నె ఉన్నది. సన్నసెగ మీద, అంటే సెగ ఉన్నదా లేదా అన్నంత సన్నసెగ మీద, వెన్నలో ఏదో నలిగిన ఆకు గంటల తరబడి మగ్గుతున్నది. ఆకు ఉడికి రూపం పోగొట్టుకున్నది. వెన్న ఆకుపచ్చనైపోయింది.

పాఠకులు ఇక్కడ నన్ను క్షమించాలి. మనవైపు వెన్న కాచేటప్పుడు దించబోయే ముందు గుప్పెడు మునగాకు వేస్తారని ఎరిగినవారైతే తప్పక క్షమిస్తారు. ఆ నేతికి పచ్చని ఛాయ, కమ్మని వాసన. అడుగున కరకరలాడే ఆకుతో వేడన్నం కలిపి మా అమ్మ పెట్టిన ముద్ద కోసం మేము కొట్టుకునేవాళ్ళం. ఏడు సముద్రాల అవతల ఒక ఐరిష్ ముత్తైదువ వెన్నలో ఆకు వేసి కాస్తున్నది! నా సంతోషం హద్దు దాటింది.

"ఆకు వేశారే!" అన్నాను.

నోరా చేతిలో టీ కప్పు ఆగింది. "నీకీ ఆకు తెలుసా?"

"తెలియకపోవడమేమిటి? మా అమ్మ ప్రతి వారం వేసేది."

"ప్రతి వారమా!" అని ఆమె కుర్చీ దగ్గరకు లాక్కున్నది. కరోనా సంగతి జ్ఞాపకం వచ్చి మళ్ళీ వెనక్కు జరుపుకున్నది. "ఎవరూ ఏమీ అనలేదా?"

"అనడమా? వాసనకు ఇరుగుపొరుగువాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు."

"ఇండియా గొప్ప దేశం," అన్నది నోరా, మనస్ఫూర్తిగా. "మరి, దేనికి మంచిదంటారు మీరు?"

"కంటికి, రక్తానికి. ముఖ్యంగా జాయింట్లకు."

నేను కీళ్ళు అన్న అర్థంలోనే అన్నాను. ఆమె ఉబ్బిన చేతులు బల్ల మీద పెట్టుకుని కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. గంజాయి చుట్టను కూడా జాయింటు అంటారని నాకు మరునాడు తెలిసింది.

తరువాత ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. డాక్టరు ఇచ్చిన మాత్రలు కడుపును పాడుచేశాయట. పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఏడుపు వచ్చేదట. తమ్ముడి అద్దాల గదిలో టొమాటోల వెనుక ఒక్క మొక్క ఉన్నదట. ఆకును ముందు పొయ్యి అరలో కొంచెం వేయించి, తరువాత వెన్నలో మగ్గబెట్టాలట. మరిగిందంటే గుణం పోతుందట. రాత్రిపూట రొట్టె మీద చాకు కొసతో కొంచెం రాసుకుంటే పొద్దుటికి వేళ్ళు ముడవడానికి వస్తాయట. ఇదంతా చెబుతూ ఆమె వీధి తలుపు వైపు రెండుసార్లు చూసింది. చలిదేశంలో మునగచెట్టును అద్దాల గదిలోనే పెంచాలి కదా అని నేను సమాధానపడ్డాను. టొమాటోల వెనుక దాచడమెందుకన్న ప్రశ్న నాకు తోచలేదు.

"వడకట్టాలి. ఈ చేతులతో పిండలేను. నవీన్‌ను అడగడం నాకిష్టం లేదు, పిల్లవాడు," అన్నది.

నేను మాస్కు సవరించుకుని, చొక్కా చేతులు మడిచాను. పల్చటి గుడ్డలో పోసి పిండాను. మా అమ్మ కాలంలో పంచెగుడ్డతో నేర్చిన పని. చుక్క మిగలకుండా పిండాను. వాసన కొంచెం తేడాగా ఉన్నమాట నిజం. తడిసిన గోగునార వాసన, వామాకు వాసన కలిసినట్టున్నది. దేశం మారితే ఆకు వాసన మారదా అనుకున్నాను. నోరా ముగ్ధురాలై చూసింది. "నువ్వు ఇంతకుముందు చేసినవాడివే," అన్నది. నేను వినయంగా తల వంచాను. లేవబోతే పట్టేసిన నా మోకాళ్ళను కూడా ఆమె గమనించింది.

మరునాడు బయలుదేరేటప్పుడు ఆమె రెండు సీసాలు ఇచ్చింది. బంగారు రంగుది చూపి, "ఇది బిడ్డకు." పచ్చనిది చూపి, "ఇది నీకు. నీ మోకాళ్ళకు. జాగ్రత్త, కొసరంతే. అది మెల్లగా వచ్చి మీద పడుతుంది," అన్నది.

కొవ్వు మెల్లగానే వచ్చి మీద పడుతుంది; నా గుండె డాక్టరూ అదే చెప్పాడు. నేను లోలోపల అప్పటికే తీర్మానించుకున్నాను. బంగారు రంగు వెన్న పాయసంలోకి. తొలిముద్ద మీద వేయడానికి మాత్రం మా అమ్మ ఆకు వెన్నే.

దారిలో: తినడానికీ రుచి చూడడానికీ భేదం

నోరా తన పాత కారు నవీన్‌కు ఇచ్చింది. లీక్స్‌లిప్ ఉన్న కిల్డేర్ కౌంటీకి అప్పుడే మళ్ళీ ప్రత్యేకంగా కట్టడి పెట్టారు. పొలిమేరలో గార్డులు, అంటే అక్కడి పోలీసులు, ప్రతి కారునూ ఆపి అడుగుతున్నారు. కార్లు బారు తీరినవి.

కర్త కనుక నేను ఉపవాసమున్నాను. ఒళ్ళో రెండు సీసాలు, పక్కన నోరా కట్టి ఇచ్చిన సోడారొట్టె. అది ఇంకా వెచ్చగా ఉన్నది. నా నాలుక రెండడుగులు ముందుకు వేసింది. సీసా మూత తీశాను.

"సార్, పూజ దాక ఏం తిననన్నరు గద?"

"రుచి చూడడం తినడం కాదు, నాయనా."

"మరి దేవునికి పెట్టేది ఎంగిలైతది గద సార్?"

"కత్తితో తీసి రొట్టెకు రాస్తున్నాను. రొట్టె నా నోటికి, కత్తి సీసాకు. సీసాకూ నోటికీ మధ్య సంబంధమే లేదు."

"అబ్బ, గిట్లాంటి లాజిక్కు మా కోర్సుల సుత లేదు సార్," అన్నాడు నవీన్. రొట్టె ఇవ్వబోతే, "నాకొద్దు. ఆంటీ కింది షెల్ఫుది గద అది. నాకు భయం," అన్నాడు.

కొసరంతే అన్నది నోరా. నేను అరంగుళం మందాన రాశాను. రుచి కొంచెం చేదు, మునగాకు ముదిరినదనుకున్నాను. రెండో ముక్కకు కూడా రాశాను. మొదటిది రుచి చూడడమైతే రెండోది దాని మీద వ్యాఖ్యానం.

మా వంతు వచ్చింది. నవీన్ వీసా కాగితం పొడిగింపు కోసం వెళ్ళి ఉన్నది. యూనిఫాం చూస్తే చాలు వాడికి చెమటలు. గార్డు యువతి, మాస్కు పైన నీలి కళ్ళు. ఎక్కడికని అడిగింది. నవీన్ నోట "సారీ గార్డ్, సారీ గార్డ్" తప్ప రాలేదు. నేను అద్దం దించి, ఒక శిశువుకు జీవితంలో మొట్టమొదటి అన్నపుముద్ద తినిపించుటకై నేను పోవుచున్నాను, నేను లేనిచో ఆ కార్యము జరుగదు అని ఇంగ్లీషులో విన్నవించాను.

"క్రిస్టనింగ్ లాంటిదా?" అన్నది. వాళ్ళు పసిబిడ్డకు ఇచ్చే బాప్తిస్మం అది.

"దానికి పెద్దన్న వంటిది."

"ఆ సీసా ఏమిటి?"

"వెన్న. ఆకు వేసి ఇంట్లో కాచినది. వాసన చూడండి," అని మూత తీసి సీసా ఆమె ముందుకు చాచాను.

నవీన్ స్టీరింగు మీద తల వాల్చాడు. గార్డు యువతి మర్యాదకోసం వంగి, మాస్కులోంచే గాలి పీల్చింది. "లవ్లీ. మా నానమ్మ కూడా వెన్న చేసేది," అని, "బిడ్డకు శుభం," అని చేయి ఊపింది. కరోనా వల్ల లోకానికి జరిగిన మేలు ఏదైనా ఉంటే, నా అనుభవంలో, ఆ మాస్కు ఒక్కటే.

లీక్స్‌లిప్: తొలిముద్ద

తలుపు తీయగానే వైదేహి కూతురు ఆద్య ఎదురు వచ్చింది. ఎనిమిదేళ్ళది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐర్లండులో వస్తుంది. "తాతా, యూ ఆర్ లేట్! మమ్మీ ఈజ్ గోయింగ్ మెంటల్!"

చేతులు సబ్బుతో కడుక్కుని, పట్టుపంచె కట్టుకుని, పీట మీద కూర్చున్నాను. పచ్చవెన్న నేనే చిన్న గిన్నెలో కరిగించి తెచ్చాను.

"మామయ్యా, వాసన అదోలా ఉందేంటి?" అన్నది వైదేహి.

"మునగాకు. మీ అమ్మమ్మ నెయ్యి మరిచిపోయావా?"

"ఇక్కడ మునగాకెక్కడిది?... సరే, మీకు తెలుసుగా," అని పిల్లవాణ్ణి నా ఒళ్ళో పెట్టింది.

ఆరునెలలు అద్దంలోంచి చూసిన బరువు ఒళ్ళోకి వచ్చింది. వాడు నా ఉత్తరీయం పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేను సంకల్పం మొదలుపెట్టాను. దేశకాలాలు చెప్పవలసిన చోట భరతఖండం అనకూడదు కదా. ఐర్లండు ఏ ద్వీపమన్న విచారం వచ్చింది. ఆ విచారం చాలా అందంగా ఉన్నది. దానిలో నుంచి మరో విచారం పుట్టింది. అన్నం అన్న మాటలో రెండు నకారాలు ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకుని కూర్చున్నవని, ఇన్నేళ్ళు పాఠం చెప్పి నేనీ సంగతి గమనించలేదని గ్రహించాను. అందరికీ చెప్పాను. చాలాసేపు చెప్పాను కాబోలు.

"మామయ్యా, ముహూర్తం దాటిపోతోంది. పెట్టండి!"

వెండి చెంచా ఎత్తాను. పరమాన్నం మీద పచ్చని నెయ్యి మెరుస్తున్నది. పిల్లవాడు నోరు తెరిచాడు. నా చేయి వాడి పెదవికి జానెడు దూరంలో ఆగిపోయింది. ఆపాలని ఆపలేదు. వాడి కనురెప్పల వెంట్రుకలు చూశాను. ఒక్కొక్క వెంట్రుక వంపు తిరిగి, చివరన మళ్ళీ వంపు తిరిగి, ఎవరో ఓపికగా రాసిన కొమ్ములవలె ఉన్నవి. వాటిని చదువుతూ చేయిని మరిచిపోయాను. తరువాత నవ్వు వచ్చింది. ఆగలేదు.

"మమ్మీ, తాతా ఈజ్ గ్రాండ్, హి ఈజ్ జస్ట్ లాఫింగ్," అన్నది ఆద్య.

గుమ్మం దగ్గర నిలబడిన నవీన్ ముందుకు వచ్చాడు. నా కళ్ళలోకి చూశాడు. "అక్కా, ఒక్క నిమిషం. చెంచా పెట్టకుండ్రి." గిన్నె ఎత్తి, మాస్కు కిందికి లాగి వాసన చూశాడు. "అక్కా! మాస్కుల తెల్వలే గని, ఇది మునగాకు గాదు. మా కాలేజీ వెనక సందుల గుప్పున వచ్చే వాసన ఇదే. గంజాయి అక్కా!"

వైదేహి పిల్లవాణ్ణి నా ఒళ్ళోంచి ఎత్తుకున్న వేగం నేను జన్మలో మరవను. శ్రీకాంత్ నా చేతిలోంచి చెంచా లాక్కున్నాడు. రివాన్ పెదవులు, నాలుక, వేళ్ళు కడిగి, తుడిచి, మళ్ళీ కడిగారు. ఒక్క చుక్క తగలలేదు. ఆ జానెడు దూరమే వాణ్ణి కాపాడింది.

ఇంత కలవరంలో నా బుద్ధికి మాత్రం మహాప్రకాశం కలిగింది. గంజాయి! భంగ, విజయ, మరి మూడోది? పాత నిఘంటువులలో ఆ మొక్కకున్న మూడో పేరు నాలుక మీదికి వచ్చింది. మాతులాని. మాతులుడంటే మేనమామ, మాతులాని అంటే మేనమామ భార్య. ఒకే మాటకు గంజాయి అని కూడా అర్థం. క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో! మేనమామ హోదాలో వచ్చి మాతులానిని సీసాలో పెట్టుకుని తెచ్చాను! ఆనందబాష్పాలతో గిన్నెవైపు చేయి చాచి అరిచాను:

"వైదేహీ! ఎవరనుకున్నావు? ఇది మీ అత్తయ్య!"

మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

"శ్రీకాంత్," అన్నది వైదేహి, "జీపీకి ఫోన్ చెయ్యి. మామయ్యకు అత్తయ్య కనిపిస్తోంది."

జీపీ అంటే అక్కడి వీధి డాక్టరు. ఆయన ఫోనులో అన్నీ విని, గుండె సంగతి అడిగి, నీళ్ళు తాగించి పడుకోబెట్టమని, ఎవరో ఒకరు కనిపెట్టి ఉండమని, ఊపిరి ఇబ్బందైతే మళ్ళీ పిలవమని చెప్పాడట. నవీన్ నోరాకు ఫోను చేశాడు. "బిడ్డకా? జీజస్, మేరీ అండ్ జోసెఫ్! పచ్చది ప్రొఫెసర్‌కని చెప్పాను!" అని ఆమె ఏడ్చింది. తరువాత, "ఎంత తిన్నాడు?" అని అడిగింది. నవీన్ వేళ్ళతో కొలిచి చెప్పాడు. "అయితే మోకాళ్ళ నొప్పి మాత్రం ఉండదులే," అన్నదట.

సోఫాలో పడుకోబెట్టారు. పై కప్పు మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు కనిపించింది. నిద్రపట్టే ముందు ఒక్క విషయం స్పష్టంగా తోచింది. ఉపవాసం చెడకూడదు, నైవేద్యం ముందుగా రుచి చూడకూడదు అన్న రెండు నియమాలనూ నేను పాటించి ఉంటే, ఆ చెంచా ఆగేది కాదు.

మరునాడు

పొద్దున లేచేసరికి నోరు ఎండిపోయి, మనసు తేటగా ఉన్నది. వైదేహి ఎదుట కూర్చుని ఉన్నది. తిట్టడానికి తయారుగా ఉన్నది కాని, ముందు కాఫీ ఇచ్చింది. తిట్లన్నీ న్యాయమైనవే కనుక ఇక్కడ రాయను.

"పచ్చ సీసా?" అన్నాను.

"చెత్తలో పోస్తే పక్కింటి కుక్క తింటుందని శ్రీకాంత్ సబ్బునీళ్ళలో కలిపి పారబోశాడు. మళ్ళీ ముహూర్తం ఎప్పుడు?"

ఆ రోజు కూడా దివ్యమైన ముహూర్తమే ఉన్నది. పంచాంగంలో అది ఎలా దొరికిందని పాఠకులు అడగకూడదు.

నోరా బంగారు వెన్నను వైదేహి స్వయంగా కాచింది. మళ్ళీ పీట, మళ్ళీ పంచె, మళ్ళీ ఒళ్ళో రివాన్. నేను చెంచా ఎత్తబోతుంటే ఆమె చేయి పట్టుకున్నది.

"ఆగండి. ముందు మీరు తినండి."

"నైవేద్యం, అమ్మా. ఎంగిలి..."

"దేవుడు ఏమీ అనుకోడు. నిన్న చూశాడుగా. నవీన్ చెప్పాడు, ఆ మత్తు పైకి రావడానికి గంట పడుతుందట. మీరు తినండి, గంట చూస్తాం. మీకేం కాకపోతే అప్పుడు వీడికి."

తిన్నాను. అది అచ్చమైన నెయ్యి. గడ్డి మీద వానపడిన వాసన, కొంచెం ఉప్పుగాలి, ఇంకేమీ లేదు. అది నాకు మొదటి చెంచాలోనే తెలిసింది.

గంట సేపు కూర్చోవాలి. నా కళ్ళు ఎర్రబడతాయేమోనని వైదేహి నా ఎదుట చేరింది. శ్రీకాంత్ నాడి పట్టుకుని కూర్చున్నాడు. నవీన్ "సార్, మీ పేరు చెప్పుండ్రి, ఇయ్యాల ఏ వారం?" అని పరీక్షిస్తున్నాడు. ఆద్య నా భుజం మీద గడ్డం ఆనించి, "సే సంథింగ్ ఫన్నీ, తాతా," అన్నది. ఒళ్ళో పిల్లవాడు నా బొటనవేలు చప్పరిస్తూ నిద్రపోయాడు. ఆరు నెలలుగా కిటికీలోంచి ట్రామును చూసినవాడి చుట్టూ ఇంటిల్లిపాదీ, రెప్పవాల్చకుండా, నా ముఖాన్నే చూస్తున్నారు.

గంట అయింది. వైదేహి గడియారం చూసి, "ఎలా ఉంది మామయ్యా?" అన్నది.

నేను రివాన్ కనురెప్పల వంక చూశాను.

"ఏమో అమ్మా, కొంచెం తల తిరుగుతున్నట్టే ఉన్నది," అన్నాను. "ఇంకొక గంట చూద్దాం."